నక్షా చూడ్డానికి, టిప్పన్ దిద్దడానికి

గత భాగంలో నిజాం దివాను సాలార్‌జంగ్ జిలాబందీ దాకా వచ్చాం. 1865లో జిల్లాలూ తాలూకాలూ ఏర్పడ్డాయి. శిస్తు వసూలు గుత్తేదార్ల చేతి నుంచి సర్కారు జీతగాళ్ల చేతికి మారింది. మరి ఎవరి పొలం ఎంతో తేలకుండా ఎవరి శిస్తు ఎంతో ఎట్లా తేలుతుంది? అందుకే 1870లలో హైదరాబాద్ రాజ్యం సర్వే, సెటిల్‌మెంట్ శాఖను నిలబెట్టి, పక్కనే బొంబాయి ప్రెసిడెన్సీలో నడుస్తున్న పద్ధతిని తెచ్చుకుంది. అప్పటి ఇందూరు జిల్లాకు నిజామాబాద్ అన్న పేరు 1905లో గానీ రాలేదు. ఆ జిల్లాలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లోకి పొలం కొలిచే గొలుసు అట్లా వచ్చింది. సర్కారు నేరుగా ఏలిన దివానీ గ్రామాల్లోకి ముందు, సంస్థానాల, జాగీర్ల గ్రామాల్లోకి నింపాదిగా.

ఆ గొలుసు పొడవు 33 అడుగులు. దాన్ని 16 అణాలుగా విడగొట్టారు. రూపాయికి 16 అణాలని ఎరిగిన జనానికి ఇది కొత్తగా నేర్పాల్సిన లెక్క కాదు. ఒక అణా అంటే 2 అడుగుల ముప్పావు అంగుళం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. 40 గుంటలు ఎకరం. ఇవాళ కామారెడ్డిలో ప్లాటు బేరమాడేవాళ్లు గుంటకు 121 గజాలని కళ్లు మూసుకుని చెప్పేది ఆ గొలుసు లెక్కనే. అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 66 అడుగుల గుంటర్ గొలుసు, దానికి 100 లింకులు. రెండు రాజ్యాలు, రెండు గొలుసులు. ఆ తేడా ఇప్పటికీ రెండు రాష్ట్రాల సర్వే కాగితాల్లో కనిపిస్తుంది.

కొలిచిన తర్వాత ఊరికి రెండు రకాల కాగితాలు తయారయ్యాయి. ఈ భాగంలో మన కథంతా ఆ రెండు కాగితాల చుట్టే. దాదాపు నూరేళ్ల తర్వాత కంప్యూటర్లో బొమ్మలు దాచే ఫైళ్లు కనిపెట్టినవాళ్లు కూడా అదే తకరారులో పడ్డారని చెబితే కొందరు నవ్వుతారేమో. కొంచెం ఓపిక పట్టండి.

మొదటి కాగితం టిప్పన్. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో టిప్పన్. చూడ్డానికి ఏమంత బాగుండదు. చేత్తో గీసిన కచ్చా బొమ్మ, స్కేలు పట్టింపు లేదు. పొలం ఒక మూల రాయి నుంచి ఇంకో మూల రాయికి ఒక ఆధార రేఖ గీస్తారు. దాని మీద నడుస్తూ, గట్టు ఎక్కడ వంగిందో ఆ వంపు ఎదురుగా ఆగి, క్రాస్ స్టాఫ్‌తో లంబం చూసుకుని, ఆ వంపు దాకా ఎంత దూరమో కొలుస్తారు. బయలుదేరిన రాయి నుంచి ఎన్ని గొలుసులు ఎన్ని అణాలు నడిచారు, అక్కడి నుంచి పక్కకు ఎన్ని గొలుసులు ఎన్ని అణాలు వెళ్లారు అన్న రెండేసి అంకెలు ప్రతి వంపుకూ రాసి ఉంటాయి. పొలం మొత్తం త్రిభుజాలుగా, ట్రెపీజియంలుగా విడిపోతుంది. ఆధార రేఖ 8 గొలుసులు, దాని మీదికి పై మూల రాయి నుంచి లంబం 5 గొలుసులు అనుకోండి. ఎనిమిదైదులు నలభై, అందులో సగం 20 గుంటలు. అరెకరం. చదువు పెద్దగా లేని రైతు కూడా వేసి చూసుకోగల లెక్క.

రెండో కాగితం గ్రామ నక్షా. టిప్పన్లన్నిటినీ స్కేలు ప్రకారం పక్కపక్కన పేర్చి గీసిన ఊరి పటం. చెరువు ఎక్కడ, వాగు ఎటు, బండ్ల బాట ఏ నంబర్ల మధ్య నుంచి పోతుందో ఒక్క చూపులో తెలుస్తుంది. తహసీల్దారు గోడకు తగిలించేది ఇది. కోర్టులో వకీలు బల్ల మీద పరిచేదీ ఇదే. కానీ దీంతో గట్టు తగాదా తేల్చబోతే ఏమవుతుందో చూడండి. మైలుకు 8 అంగుళాల స్కేలులో గీసిన పటం అనుకుందాం. అంటే కాగితం మీద అంగుళం, నేల మీద 660 అడుగులు. ఆ పటంలో అర మిల్లీమీటరు మందం ఉన్న సిరా గీత నేల మీద దాదాపు 13 అడుగులు మింగేస్తుంది. అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునేది మూడడుగుల గట్టు కోసం.

టిప్పన్ల నుంచి నక్షా ఎన్నిసార్లయినా పుడుతుంది. నక్షా నుంచి టిప్పన్ పుట్టదు. సర్వే శాఖ పెట్టినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే రెండూ తయారు చేశారు, రెండూ దాచారు. నా దృష్టిలో నిజాం కాలపు పరిపాలన చేసిన తెలివైన పనుల్లో ఇదొకటి. అయితే టిప్పన్‌లో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. ఒక్కో నంబరునూ విడిగా కొలిచారు కాబట్టి రెండు పొలాల మధ్య గట్టు రెండు టిప్పన్లలో రెండుసార్లు పడుతుంది. రెండు అంకెలూ కలిస్తే సరే. కలవకపోతే ఆ తేడా జాగా ఎవరిది? ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి, కంప్యూటర్లోనూ మళ్లీ ఎదురవుతుంది.

భూమి ఊరుకోదు, మారుతుంది. ఎల్లారెడ్డి వైపు పోచారం చెరువు 1922 నాటికి పూర్తయింది. 1923లో మొదలైన నిజాంసాగర్ పని 1931లో ముగిసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ మంజీరా మీద కట్టించిన ఆ ప్రాజెక్టు లెక్కలో ఆయకట్టు 2 లక్షల 75 వేల ఎకరాలు. కాలువలు తవ్వితే సర్వే నంబర్లు తెగుతాయి. తెగిన ముక్కలకు కొత్త కొలతలు కావాలి, వాటికి టిప్పన్లు కావాలి, సర్వే నంబర్ల మూల రిజిస్టరైన సేత్వార్‌కు సప్లిమెంటరీ కావాలి, ఆ తర్వాత నక్షాలో కొత్త గీత పడాలి. సర్కారు తనకు కావాల్సిన చోట ఈ వరుస పాటించింది. రైతు ఇంట్లో జరిగిన పంపకాలకు మాత్రం ఈ వరుస దక్కలేదు. తండ్రి పోతే ముగ్గురు కొడుకులు గట్లు వేసుకున్నారు. పట్వారీ ఏటా రాసే పహాణీలో సర్వే నంబరు 45ను 45/అ, 45/ఆ, 45/ఇ అని రాశాడు. గొలుసు దిగలేదు, టిప్పన్ పుట్టలేదు, నక్షాలో 45 మాత్రం ఒకే ముక్కగా ఉండిపోయింది. పహాణీలో బై నంబర్లు, నక్షాలో లేని బై నంబర్లు. తెలంగాణ భూతగాదాల్లో చాలా దీంట్లోంచే పుట్టాయంటే అతిశయోక్తి అనిపించుకోదు.

ఇక సముద్రం దాటుదాం.

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ తయారు చేశాడు. టీఎక్స్-2 అనే పెద్ద కంప్యూటర్ తెర మీద లైట్ పెన్‌తో గీతలు గీయవచ్చు, గీసినవాటిని కదపవచ్చు. ఆశ్చర్యపరిచేది లోపలి ఏర్పాటు. తెర మీద ఏ చుక్కలు వెలగాలన్న పట్టిక ఒకటి. ఏ గీత ఏ బిందువును పట్టుకుని ఉంది, ఏ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి, ఏ ముక్క ఏ మూల బొమ్మకు నకలు అన్న సంబంధాలన్నీ ఇంకోచోట. మనిషి ఒక బిందువును కదిపితే మొదట సంబంధాలు సర్దుకునేవి, తర్వాత చుక్కల పట్టిక కొత్తగా తయారయ్యేది. ఆ మొదటి బొమ్మల ప్రోగ్రామ్‌లోనే నక్షా వేరు, టిప్పన్ వేరు.

తర్వాత వచ్చినవాళ్లకు అంత తీరిక లేకపోయింది. 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అడోబీ కంపెనీ పెట్టారు. 1984లో వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చింది. అది ప్రింటరుకు ఇచ్చే హుకుంల భాష: ఇక్కడికి జరుగు, ఇంత దూరం వంపు తిప్పు, ఈ రంగు నింపు. పేజీ అచ్చొత్తడానికి దాన్ని మించింది అప్పట్లో లేదు. కానీ పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్ చేతికిచ్చి, ఇందులో ఆ మూడో అక్షరం మార్చు అంటే? హుకుంలన్నీ అమలయ్యాక గానీ బొమ్మ ఏమిటో తెలియదు, తెలిశాక అక్షరం ఎక్కడుందో తెలియదు.

1987లో అదే కంపెనీ ఇలస్ట్రేటర్‌ను తెచ్చినప్పుడు ఒక మధ్యదారి పట్టింది. దాని ఫైలూ పోస్ట్‌స్క్రిప్టే. కాకపోతే తాను మళ్లీ చదువుకోగలిగేంత కట్టుదిట్టమైన, కొద్దిపాటి హుకుంలతో మాత్రమే రాసుకునేది. ప్రింటరూ గీయగలదు, ఇలస్ట్రేటరూ తెరిచి దిద్దగలదు. 1993లో పీడీఎఫ్ వచ్చింది, హుకుంల భాష లోంచి ప్రోగ్రామింగ్ తీసేసి పేజీని మాత్రమే మిగిల్చింది. 2000లో వచ్చిన ఇలస్ట్రేటర్ 9 తన ఫైల్‌కు పైన పీడీఎఫ్ తొడిగి, దిద్దుబాటుకు కావాల్సిన సొంత సమాచారం లోపల దాచడం మొదలుపెట్టింది. అంటే ఒకే కవరులో నక్షా, టిప్పన్ రెండూ. ఫైల్ బరువెక్కుతుంది. పైది మారి లోపలిది మారకపోతే రెండు కథలు చెబుతుంది. పహాణీకీ నక్షాకూ మధ్య జరిగిందే ఒక్క ఫైల్‌లోనూ జరగొచ్చు.

2001 సెప్టెంబరు 4న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎస్‌వీజీని ఖాయం చేసింది. బ్రౌజర్‌లో చూపించడం దాని ప్రధాన పని. అయినా అది మామూలు అక్షరాల్లో రాసిన ఫైల్ కాబట్టి అందరూ దాన్నే దిద్దుబాటుకూ వాడేశారు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కు ఎస్‌వీజీనే సొంత ఫైల్. పొరలు, గైడ్ గీతలు, నక్షత్రానికి ఎన్ని మొనలు అన్న వివరాలు ఎస్‌వీజీలో చోటు లేనివి. వాటిని తన సొంత పేరుతో అదే ఫైల్‌లో అదనంగా రాసుకుంటుంది. ప్లెయిన్ ఎస్‌వీజీగా దాచమంటే ఆ అదనమంతా పోతుంది. కళ్లకు బొమ్మ అచ్చం అదే. నక్షత్రం మాత్రం ఇక నక్షత్రం కాదు, పది బిందువుల గీత. మొనలు ఆరు చేయమంటే చేయలేదు. దీనికి రెండో కొసన హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల ఐకాన్ ఫైల్ ఉంది. అది గీయడానికే పుట్టింది, అందులో చాలా ఐకాన్లు ఒక కిలోబైటు దాటవు. ఈ రెండు కొసల మధ్య ఎక్కడ నిలబడాలన్నదే ఫైల్ రూపకల్పన చేసేవాళ్ల కష్టమంతా. గీసేవాడికి వరుసగా, చదునుగా, లెక్కలన్నీ తెగి ఉన్న అంకెలు కావాలి. దిద్దేవాడికి ఆ అంకెలు ఎట్లా వచ్చాయో కావాలి.

ఇదంతా అమెరికా సంగతి అనుకునేవాళ్లు ఒకసారి కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తా చుట్టుపక్కల ఫ్లెక్సీ షాపుల్లో కూర్చోండి. డిజైనర్ కోరల్‌డ్రాలో అను ఫాంట్లతో బ్యానర్ కట్టి, ప్రింటింగ్‌కు పంపే ముందు అవతలి నుంచి వచ్చే మాట ఒక్కటే: "అన్నా, కర్వ్స్ చేసి పంపు." అవతలి మెషిన్‌లో ఆ ఫాంట్ లేకపోతే అక్షరాలు చెడిపోతాయి. అందుకని అక్షరాలను వంపు గీతలుగా మార్చేసి పంపుతారు. ఫ్లెక్సీ అచ్చు బ్రహ్మాండంగా వస్తుంది. ఊళ్లో కట్టాక సర్పంచ్ ఇంటిపేరులో ఒత్తు తప్పిందని ఫోన్ వస్తుంది. కర్వ్స్ ఫైల్‌లో ఒత్తు పెట్టే దారి లేదు, ఎందుకంటే అందులో అక్షరమే లేదు. జాగ్రత్త గల డిజైనర్ కర్వ్స్ చేయక ముందరి ఫైల్‌ను వేరే పేరుతో దాచుకుంటాడు. జాగ్రత్త లేనివాడు రాత్రంతా మళ్లీ కడతాడు.

పటాలు గీసే సాఫ్ట్‌వేర్ల కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1967లో అమెరికా జనగణన శాఖ న్యూ హేవెన్ నగరంలో డైమ్ అనే పద్ధతి ప్రయోగించింది. ఒక్కో వీధి ముక్కకూ రెండు కొసలు ఏవి, ఎడమ పక్కన ఏ బ్లాకు, కుడి పక్కన ఏ బ్లాకు అని రాసుకోవడం దాని కిటుకు. గీత ఒక్కసారే ఉంటుంది, దాన్ని రెండు పక్కలవాళ్లూ పంచుకుంటారు. టిప్పన్‌లో మనం చూసిన రెండుసార్ల గట్టుకు ఇది విరుగుడు. 1982లో వచ్చిన ఆర్క్ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ కూడా హద్దులను అట్లాగే పంచుకునే పద్ధతిలో దాచింది. దాన్ని తయారు చేసిన ఎస్రీ కంపెనీయే 1990ల మొదట్లో షేప్‌ఫైల్ తెచ్చింది, 1998లో దాని లోపలి వివరాలు అందరికీ విప్పి చెప్పింది. షేప్‌ఫైల్ సులువైనది, చురుకైనది. ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. అందులో ప్రతి పొలమూ తన హద్దు బిందువులన్నీ తానే మోస్తుంది. పక్క పొలం ఎవరో దానికి తెలియదు. 45కూ 46కూ మధ్య గట్టు రెండుసార్లు. 45 హద్దును ఎవరో మౌస్‌తో కొంచెం కదిపి 46ను వదిలేస్తే, మధ్యలో సన్నని ఖాళీ పేలిక ఒకటి మిగులుతుంది, లేదంటే ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. తెర మీద అది కంటికి ఆనదు. నేల మీద అది ఒకరి వరి మడి.

మన దేశంలో దీనికి వేరే దారి తొక్కినవాళ్లున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ తమిళనాడులో తయారు చేసిన కొల్లాబ్‌ల్యాండ్ అనే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకంలోని అంకెలనే లోపలికి తీసుకుంటుంది. ఆధార రేఖ ఎంత, లంబాలు ఎంతెంత అని అంకెలు కొడితే బొమ్మ అదే గీస్తుంది. కొలత తప్పని తేలితే కొలత మార్చాలి, గీత దానంతట అదే మారుతుంది. పాత నక్షాను స్కాన్ చేసి, దాని గీతల మీద మౌస్‌తో బిందువులు పెట్టుకుంటూ పోయే పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఇందాకటి 13 అడుగుల సిరా మందం అందులో యథాతథంగా డిజిటల్ అవుతుంది. పైగా దశాంశం తర్వాత ఆరు అంకెలు కనిపిస్తాయి కాబట్టి ఎంతో కచ్చితమైనదన్న భ్రమ అదనం.

ఇక మన జిల్లాకు వద్దాం. 2000ల మధ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూభారతి పేరుతో రీసర్వేకు నిజామాబాద్ జిల్లాను పైలట్‌గా ఎంచుకుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పుడు ఆ జిల్లాలోవే. ఆ ప్రయత్నం పాత రికార్డును లేపి కొత్తదాన్ని కూర్చోబెట్టలేదు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి విడి జిల్లా అయింది. 2017 సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు 31 దాకా రాష్ట్రమంతా భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. అది కాగితాల ప్రక్షాళన, పొలంలో గొలుసు పడలేదు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది, రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూట అయ్యాయి. విస్తీర్ణం అంకె నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారింది. ఆ విస్తీర్ణం నేల మీద ఏ మూల ఉందో చెప్పే గీత మారలేదు.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. పాత పైలట్ పేరే కొత్త చట్టానికి పెట్టారు. పైలట్‌గా ఎంచుకున్న నాలుగు మండలాల్లో మన లింగంపేట ఒకటి. మద్దూరు, నేలకొండపల్లి, వెంకటాపూర్ మిగతా మూడు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఒక్క మాట: ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి రిజిస్ట్రేషన్ కాగితానికి సర్వే పటం జతపరచాలి. అంటే గొలుసు మళ్లీ పొలంలోకి దిగాలి. అణాల బదులు సెంటీమీటర్లు, క్రాస్ స్టాఫ్ బదులు జీపీఎస్ రోవర్.

అదే ఏడు ఆగస్టు చివర్లో కురిసిన వాన ఎవరూ మరిచిపోరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. కామారెడ్డి కాలనీలు మునిగాయి, ఎల్లారెడ్డి వైపు వాగుల పక్క పొలాలు ఇసుక మేటలయ్యాయి. నూరేళ్ల పోచారం కట్ట తన మీదుగా పోయిన వరదను తట్టుకుని నిలబడింది. పొలాల గట్లకు ఆ బలం ఎక్కడిది? ఇసుక తీశాక గట్టు మళ్లీ ఎక్కడ వేయాలో నక్షా చెప్పలేదు. ఫలానా రాయి నుంచి ఇన్ని గొలుసులు, అక్కడ నుంచి లంబంగా ఇన్ని అణాలు అని టిప్పనే చెప్పాలి. ఆ రాయి కూడా కొట్టుకుపోతే పక్క నంబర్ల టిప్పన్ల నుంచి వెనక్కి కొలుచుకుంటూ రావాలి.

అందువల్ల కొత్త పటాలు తయారు చేసే అధికారులకు ఒక విన్నపం. రైతు చేతికి పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే నక్షా ఇచ్చినట్టే. ఏ మూల అక్షాంశ రేఖాంశాలు ఎంత, ఏ రాయి నుంచి ఏ రాయికి దూరం ఎంత, ఎవరు ఏ తేదీన కొలిచారు అన్న అంకెలు కూడా ఆ పటంతోనే రావాలి, ఆఫీసులోనూ ఆ అంకెలే అసలు రికార్డుగా నిలవాలి. పాఠకులకు చెప్పేది ఇంకొంచెం చిన్నది. పొలం పంచుకుంటున్నా, కొంటున్నా మీసేవలో హద్దుల కొలతకు ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి కొలిపించుకోండి. నక్షా నకలు అడిగిన రోజే మీ సర్వే నంబరు టిప్పన్ నకలు కూడా అడగండి, పక్క నంబర్లవీ అడగండి. లేదంటే లేదని రాసిమ్మనండి. వచ్చే భాగంలో 1954-55 ఖాస్రా పహాణీ.

(సశేషం)